వంటగది గోడకు 'పెంటగాన్ మందు': ఆ మెసేజ్‌లో తప్పులేంటంటే

విజయవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పెంటగాన్‌లో వాడిన టెక్నాలజీ. వంటగది గోడకు పాలీయూరియా స్ప్రే కొట్టించి, స్టీలు కంటే అయిదు రెట్లు గట్టిదైన బట్ట వేయిస్తే సిలిండర్ పేలినా గోడ చెక్కుచెదరదు. ఎటువైపు కొట్టినా ఒకటే." పెంటగాన్ అంటే అమెరికా రక్షణ శాఖ ప్రధాన కార్యాలయం. పాలీయూరియా అంటే రబ్బరులా సాగే ఒక ప్లాస్టిక్ పూత. మెసేజ్‌లో కాస్త నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

చెక్కుచెదరదన్నది తప్పు. గోడ పగులుతుంది. పగిలిన ముక్కలు మనుషుల మీదికి దూసుకురాకుండా పట్టి ఉంచడమే ఈ పూత పని. 1996లో సౌదీలోని ఖోబర్ టవర్స్ దగ్గర ట్రక్కు బాంబు పేలి 19 మంది అమెరికా వైమానిక సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో వాళ్ల వైమానిక దళ పరిశోధకులు గోడలకు కొట్టి చూసింది, పికప్ ట్రక్కుల తొట్లకు గీతలు పడకుండా వేసే పూత రకమే. బాంబు పరిశోధన చివరికి మన ఆటోనగర్ సరుకు దగ్గరికే వచ్చిందన్నమాట! రెండు ద్రవాలు వేడి మీద గన్‌లో కలిసి, గోడ మీద పడ్డ సెకన్లలోనే గట్టిపడతాయి. ఆ పొర చిరిగేలోపు బాగా సాగుతుంది. గోడ పొట్టలా ఉబ్బినా ఇటుకలు దానికి అంటుకునే ఉంటాయి.

ఇక "ఎటువైపు కొట్టినా ఒకటే" అన్నమాట. అసలు మోసం ఇక్కడే ఉంది. పేలుడుకు అవతలి వైపు, అంటే మనుషులు ఉండే వైపు కొట్టాలి. వీధిలో బాంబుకైతే ఇంటి లోపలి వైపు. వంటగదిలో గ్యాస్ అంటుకుంటే ఇటుకలు ఎగిరేది పక్క గదిలోకి, కారిడార్‌లోకి. పూత వంటగదిలోనే కొడితే వాటిని ఆపేదెవరు? పైగా పొర అంచులు పైన బీముకో శ్లాబుకో, కింద ఫ్లోరుకూ ఎక్కి గట్టిగా పట్టుకోవాలి. లేదంటే గోడ మొత్తం ఒకే పలకలా ఊడి వస్తుంది. మన ఫ్లాట్లలో నాలుగున్నర అంగుళాల గోడ మీద ప్లాస్టరింగ్, దాని మీద లప్పం, ఆపైన రంగు. లప్పం మీద కొట్టిన పూత లప్పాన్నే పట్టుకుంటుంది, ఇటుకను కాదు. లాగితే పెచ్చుతో సహా వచ్చేస్తుంది. ముందు గోడ గీకి శుభ్రం చేయాలన్న ముక్క మెసేజ్‌లో ఎక్కడా లేదు.

బట్ట "అయిదు రెట్లు" గట్టిదన్నది కెవ్లార్ లెక్క, అంటే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే నారది. అదీ సమాన బరువు దగ్గర పోల్చితేనే.

పెంటగాన్ సంగతీ సగమే చెప్పారు. 2001 సెప్టెంబర్ 11న విమానం గుద్దిన భాగంలో అప్పటికే గోడల్లో బట్ట, కిటికీల చుట్టూ స్టీలు దూలాలు, పేలుడును తట్టుకునే అద్దాలు పెట్టి ఉన్నారు. అయినా అందులో కొంత భాగం కాసేపటికి కూలింది. కూలేలోపు చాలామంది బయటపడ్డారు. అంతసేపు నిలబెట్టిన ఘనతలో పెద్ద వాటా పాత కాంక్రీటు స్తంభాలదే.

పాలీయూరియా మంటల్లో కాలుతుంది, పొగ వస్తుంది. వంటగదిలో అది చిన్న సంగతేం కాదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. గాలిలో 2 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. మాడ్యులర్ కిచెన్ల పుణ్యమా అని సిలిండర్‌ను గాలాడని అరలో మూసి పెడుతున్నాం. స్ప్రే డబ్బుల్లో పిసరంత పెడితే ఆ అర తలుపుకు అడుగున కన్నాలు పడతాయి, పాత రబ్బరు ట్యూబు మారుతుంది.