జిమ్ పక్కన గుగ్గిళ్ల షాపు

హైదరాబాద్‌లో ఒక జిమ్ తెరిస్తే నెల తిరక్కుండానే దాని కింద ఓ డబ్బాల షాపు వెలుస్తోంది. నల్ల బోర్డు, ఎర్ర అక్షరాలు, అద్దాల వెనక వరసగా పేర్చిన ప్రొటీన్ డబ్బాలు, గోడ మీద కండలు తిరిగిన విదేశీయుడి ఫొటో. విజయవాడ, వరంగల్‌లోనూ ఇప్పుడు ఇదే వరస. ఉద్యోగం మానేసి, ఫిట్‌నెస్ పిచ్చి ఉన్నవాళ్ల కోసం హెల్త్ ఫుడ్ స్టోర్ పెడదామనుకునే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ డబ్బాల జోలికి పోకండి. శనగలు, ఉలవలు, గుడ్లు, పనీరు, జొన్నరొట్టెలు అమ్మండి. వండి అమ్మండి.

డబ్బాల వ్యాపారంలో షాపువాడికి మిగిలేది ఏముంది? కస్టమర్ లోపలికొస్తాడు, డబ్బా చేతిలోకి తీసుకుంటాడు, వెనక అక్షరాలన్నీ చదువుతాడు, ఫోన్ తీసి ఆన్‌లైన్ రేటు చూస్తాడు. తర్వాత బేరం మొదలెడతాడు. ఆ రేటుకిస్తే అద్దె కూడా రాదు. పైగా ట్రైనర్ పంపిన గిరాకీకి ట్రైనర్ కమీషన్ వేరే. ఇదంతా భరించి అమ్మినా, ‘ఇది ఒరిజినలేనా?’ అన్న ప్రశ్న మాత్రం వదలదు. స్టిక్కర్ గీకి, కోడ్ స్కాన్ చేసి చూపించాలి.

ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. కేరళ డాక్టర్ల బృందం ఒకటి మన మార్కెట్లో దొరికే 36 రకాల ప్రొటీన్ పౌడర్లను పరీక్షించి 2024లో ఫలితాలు బయటపెట్టింది. అందులో 25 డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క లోపలున్న దానితో సరిపోలేదు. ఐదింటిలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్లనే విషాలు దొరికాయి. డబ్బా తయారు చేసింది ఎవరో, ఎక్కడో. నెలనెలా ముఖం చూపించాల్సింది మాత్రం సందు చివర షాపువాడు. లోపల ఏముందో పరీక్షించుకునే దారి అతనికి లేదు, ఉన్నా ఆ ఖర్చు అతనివల్ల కాదు. బోర్న్‌విటాలో చక్కెర ఎక్కువన్న గొడవ తర్వాత ‘హెల్త్ డ్రింక్’ అన్న విభాగం నుంచి ఇలాంటి పానీయాలను తీసేయమని కేంద్రం ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పాల్సి వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. అంత పెద్ద పేర్ల పరిస్థితే అదైతే, ఊరూ పేరూ లేని డబ్బాకు మీరు హామీ ఉంటారా?

ఇక అసలు లెక్కకు వద్దాం. ఒక స్కూప్ వే పౌడర్‌లో, అంటే పాల విరుగుడు నుంచి తీసే పొడిలో, ఉండే ప్రొటీన్ 24 గ్రాముల చుట్టూ. కాస్త పేరున్న బ్రాండైతే ఆ స్కూప్ ఖరీదు వంద రూపాయలకు అటూఇటూ. నాలుగు కోడిగుడ్లలో కూడా అంతే ప్రొటీన్ ఉంది, ఖర్చు ముప్ఫై రూపాయలు. వంద గ్రాముల శనగల్లో 20 గ్రాముల దాకా ఉంటుంది, అంగట్లో వాటి ధర పది పన్నెండు రూపాయలు. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడకబెట్టి, తాలింపు పెట్టి, పైన ఉల్లిపాయ, నిమ్మరసం వేసి ఇస్తే నలభై రూపాయలకు ఎవరూ బేరమాడరు. ఉలవలదీ అదే లెక్క. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. సరుకు ఇంటి ముందే ఉంది. మనం మాత్రం ప్రొటీన్ అనగానే డబ్బా కోసం వెతుకుతాం.

ఈ వ్యాపారం నడుస్తుందా అని అనుమానం ఉన్నవాళ్లు పొద్దున్నే కేబీఆర్ పార్కు బయటికి వెళ్లి చూడండి. మొలకలు, రాగిజావ, కాకరకాయ జ్యూస్, బూడిద గుమ్మడి జ్యూస్. ఎనిమిదిన్నరకల్లా సరుకు అయిపోతుంది. సాయంత్రం కాలనీ మూలల్లో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్ల దగ్గర చూడండి. పిండిముద్దను చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒకసారి అద్ది తిరగేస్తారు. షుగర్ ఉన్న పెద్దాయన, జిమ్ బ్యాగు తగిలించుకున్న కుర్రాడు ఒకే లైన్లో నిలబడి ఉంటారు. ఒక్క ప్రకటన లేదు, ఇన్‌స్టా రీల్ లేదు. తెలుగు నగరాల్లో అసలైన హెల్త్ ఫుడ్ స్టోర్లు ఇవే. వీటికి లేనివి కప్పు, కుళాయి, నెలవారీ ఖాతా. ఆ మూడూ సమకూర్చగలిగితే మీ షాపు నిలబడినట్టే.

అమీర్‌పేట హాస్టళ్ల ముందు ఉడికించిన గుడ్ల బండి దగ్గర ఇంకో దృశ్యం కనిపిస్తుంది. కుర్రాడు ఆరు గుడ్లు తీసుకుంటాడు. తెల్లసొన తిని పచ్చసొనలన్నీ కాగితంలో వదిలేస్తాడు. ట్రైనర్ వద్దన్నాడట. గుడ్డులో విటమిన్లన్నీ దాదాపు ఆ పచ్చసొనలోనే ఉన్నాయని, ప్రొటీన్ కూడా అందులో కొంత పోతోందని అతనికి చెప్పేవాడు లేడు. ఆ నాలుగు ముక్కలు చెప్పగలిగిన షాపువాడికి గిరాకీ దానంతటదే వస్తుంది.

డబ్బాల పక్షాన కూడా వాదన ఉంది, కాదనను. శనగల్లో ప్రొటీన్‌తో పాటు పిండిపదార్థం ఎక్కువ, కొన్ని అమైనో ఆమ్లాలు తక్కువ. పోటీలకు సిద్ధమయ్యేవాడికి కొలత ప్రకారం తాగే వే సుఖం. డబ్బా పాడవదు, గుగ్గిళ్లు సాయంత్రానికి పుల్లబడతాయి. నిజమే. కానీ పోటీలకు వెళ్లేవాళ్లు ఒక జిమ్‌లో ఎంతమంది? మిగతావాళ్లంతా ఆఫీసు పొట్ట తగ్గించుకోవడానికి వచ్చేవాళ్లే. కండ పెంచుకోవడం కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో స్పష్టంగానే చెప్పింది. పుల్లబడే సమస్యకు మెస్ నడిపేవాళ్లు ఎప్పుడో పరిష్కారం కనిపెట్టారు: నెల డబ్బు ముందే కట్టించుకుని, తలలు లెక్కపెట్టి నానబెట్టడమే.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. జొన్న, రాగి ‘హెల్త్ ఫుడ్’ అయి, అందమైన ప్యాకెట్లోకి చేరి, బియ్యం కంటే ఖరీదుగా అమ్ముడవడానికి కారణం జిమ్ములు కాదు. మన సర్కార్లే. రాయలసీమలో, తెలంగాణ మెట్ట జిల్లాల్లో ఒకప్పుడు జొన్న, రాగి రోజువారీ తిండి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. ఆకలి తీర్చిన పథకమే, అందులో వాదన లేదు. కానీ పేదవాడి కంచంలోకి వరి అన్నం తప్ప ఇంకేదీ రాకుండా చేసింది కూడా ఆ దారే. తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ అదే దారిలో నడిచింది. 2025 ఉగాదికి తెలంగాణ మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం మొదలుపెట్టింది.

ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అదే పోషకాహార సంస్థ చెప్పిన పళ్లెంలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు. అంటే ధాన్యం వాటాలో ఐదింట నాలుగు వంతులు సర్కారే ఇచ్చేస్తోంది, అదీ ఒకే ధాన్యంతో. పప్పు, గుడ్డు, మాంసం కలిపి ఉండాల్సిన 85 గ్రాముల సంగతి ఎవరికీ పట్టదు. ఆంధ్రలో రాయితీ కందిపప్పు అంటారు కానీ, డిపోలో ‘స్టాక్ రాలేదు’ అన్న మాట జనానికి కొత్త కాదు. ఏసీ జిమ్‌లో గంటసేపు బరువులెత్తేవాడికే కాదు, తాపీ పనికెళ్లి రోజంతా ఇటుకలు మోసేవాడికీ ప్రొటీన్ కావాలి. అతని కోసం ఏ షాపూ తెరుచుకోదు.

రైతు పండించడం మానేశాడని తప్పు అతని మీదికి నెట్టకండి. 2025-26 ఖరీఫ్‌కు క్వింటాలు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర 3,699 రూపాయలు, సాధారణ వరికి 2,369. కాగితం మీద జొన్నదే పైచేయి. అయినా నీళ్లున్న ప్రతివాడూ వరే వేస్తాడు. వరికి ఎకరానికి దిగుబడి ఎక్కువ, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, తెలంగాణలో సన్నాలైతే క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ఉంది. జొన్నకు కొనేవాడి హామీ లేదు.

ఆ హామీ ఇవ్వడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2013 ఆహార భద్రత చట్టంలోనే బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక రూపాయి అని రాసుకున్నారు. ఇప్పుడు ఆ రూపాయి కూడా లేదు, కేంద్రం వాటా ధాన్యమంతా ఉచితమే. 2023లో ఆంధ్ర బడుల్లో రాగిజావ మొదలుపెడితే పిల్లలు తాగారు. ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్నలు చేయండి, పైన ఓ కిలో కందిపప్పు పెట్టండి, హాస్టళ్లకు కావాల్సిన జొన్నలూ రాగులూ నేరుగా రైతు దగ్గరే కొనండి.