దేన్నీ పట్టి ఉంచని పిన్ను

ఫొటోలను, జ్ఞాపకాలను అలంకరించి ఆల్బంగా కూర్చే స్క్రాప్‌బుక్ కళ మీద ఈ మధ్య ఒక నింద వినిపిస్తోంది. పేజీ మీద ఫొటోను జిగురుతో శుభ్రంగా అతికించాక, అది ఇక గాలివాన వచ్చినా కదలదని రూఢి అయ్యాక, నాలుగు మూలలా బ్రాడ్‌లనే అలంకారపు పిన్నులు నాలుగు ఎందుకు గుచ్చుతున్నారని కొందరు అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. అడిగే గొంతులోనే ఉంది తేడా. ప్రతి వస్తువూ దేనికో ఒకదానికి పనికివచ్చి తీరాలన్న మొరటు లెక్క అది. అలాంటి వాళ్లకు కళ సంగతి అలా ఉంచి, జిగురు సంగతి కూడా తెలియదు. జిగురు అతికిస్తుంది కాని, అతికిస్తున్నట్టు కనిపించదు. ఆ కనిపించే బాధ్యతను బ్రాడ్ తన తల మీద వేసుకుంటుంది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అయ్యే ఏర్పాటు లోకంలో మరెక్కడా ఇంత సామరస్యంగా సాగదు.

బ్రాడ్‌ను ఎప్పుడూ చూడని వాళ్ల కోసం రెండు మాటలు. పైన ఒక చిన్న తల, దాని కింద వంగే లోహంతో చేసిన రెండు పలుచని కాళ్లు. కాగితానికి బెజ్జం చేసి, కాళ్లు అందులోకి దూర్చి, వెనక వైపు చెరో పక్కకు మడిచేస్తే సరి. పూర్వాశ్రమంలో ఇది ఆఫీసు గుమాస్తా. 1866లో అమెరికాలో జార్జ్ మెక్‌గిల్ అనే ఆయన కాగితాలను కలిపి ఉంచే చిన్న ఇత్తడి పిన్నుకు పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాది దాన్ని కాగితాల్లోకి దించే ప్రెస్సుకూ తీసుకున్నాడు. విడి కాగితాలు చెల్లాచెదురు కాకుండా చూడటం, రోజంతా దస్తావేజుల మూలన నిలబడటం, ఇదీ దానికి అప్పట్లో రాసిపెట్టి ఉన్న జీవితం. అక్కడి నుంచి ఎదిగి ఎదిగి ఈనాడు అది ముత్యం తల, పువ్వు తల, నక్షత్రం తల, రాళ్లు పొదిగిన తల అంటూ రకరకాల హోదాల్లో పుట్టినరోజు కార్డుల మీద వెలుగుతోంది. తల బరువెక్కిన కొద్దీ పని తేలికవడం ఏ రంగంలోనైనా పదోన్నతికి గుర్తే కదా, దీనికి మాత్రం ఆక్షేపణ ఎందుకో అర్థం కాదు.

1873లో మార్క్ ట్వెయిన్ స్క్రాప్‌బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పేజీల మీద ముందే జిగురు పూసి ఉంటుంది, తడిపి అంటించుకోవడమే. మనిషి స్వభావం ఎరిగిన రచయితగా ఆయనకు పేరుంది, ఇక్కడ మాత్రం పప్పులో కాలేశాడు. ఆల్బం పెట్టుకున్న వాళ్లకు శ్రమ తగ్గించాలనుకున్నాడు పాపం. శ్రమ తగ్గితే ఇక ఆల్బం ఎందుకు?

శ్రమ విలువ తెలియాలంటే ఐలెట్ వేయడం చూడాలి. ఐలెట్ అంటే ఒక చదునైన రింగు, దాని అడుగున పొట్టి గొట్టం. ముందుగా మ్యాట్ పరిచి, కాగితం మీద పంచ్ మొన నిలబెట్టి సుత్తితో ఒక్కటి వేయాలి. కాగితంలోంచి చిన్న గుండ్రని ముక్క ఒకటి ఊడి, ఆ రోజంతా మోచేతికి అంటుకుని తిరుగుతుంది. 1/8 అంగుళం ఐలెట్‌కు 1/8 అంగుళం బెజ్జమే కావాలి. 3/16 బెజ్జం చేస్తే ఐలెట్ అందులోంచి జారి నేల మీద పడి, మళ్లీ ఇల్లు మారే రోజు వరకు కనిపించదు. బెజ్జం కుదిరాక రింగును దూర్చి, కాగితం బోర్లించి, పైకి తేలిన గొట్టంలో సెట్టర్ అనే పనిముట్టు మొన పెట్టి మళ్లీ సుత్తి ఎత్తాలి. మొదటి దెబ్బకు గొట్టం అంచు చీలుతుంది. రెండో దెబ్బకు ఆ చీలికలు రేకులు రేకులుగా విచ్చుకుని, వెనక్కి వాలి, కాగితాన్ని కరుచుకుంటాయి. దెబ్బ చాలకపోతే రింగు వదులై గిరగిరా తిరుగుతుంది. ఎక్కువైతే రేకుల అంచు కాగితాన్ని కోసేస్తుంది. అన్నీ కుదిరిననాడు ఆ విచ్చుకున్న రేకులు చూడముచ్చటగా ఉంటాయి. అవి ఉండేది పేజీ వెనక వైపు. అటు ఎవరూ చూడరు.

ఇంత చేశాక ఆ రింగులోంచి రిబ్బనో దారమో తీసి ఏదైనా కట్టవచ్చు. కడితే అది పనిముట్టు అయిపోతుంది కాబట్టి చాలామంది కట్టరు. ఖాళీ రంధ్రానికి రంధ్రంగానే ఒక గౌరవం ఉంటుందని వదిలేస్తారు. ఆ ఖాళీని కూడా భరించలేని సున్నిత మనస్కుల కోసం తల మూసి ఉన్న ఐలెట్లు తయారయ్యాయి, వాటిని స్నాప్‌లు అంటారు. అంటే, మంచి కాగితానికి ముందు చిల్లు పెడతారు, ఆ చిల్లు చిరగకుండా రింగు వేస్తారు, ఆ రింగులోంచి ఏమీ దూరకుండా మూత పెడతారు. సమస్యను సృష్టించి, పరిష్కరించి, ఆ పరిష్కారాన్ని రద్దు చేసి, మొత్తం కలిపి ఒక చదరపు సెంటీమీటరులో ముగించిన ఉదాహరణ పరిపాలనా చరిత్రలో కూడా దొరకడం కష్టం.

సుత్తి చప్పుడు మీద ఇంట్లో వాళ్లు ఫిర్యాదు చేస్తారని చేత్తో నొక్కే ప్లయర్లు కూడా వచ్చాయి. వాటితో ఐలెట్ చక్కగానే కుదురుతుంది. అయినా, పక్కవాడి నిద్ర చెడగొట్టకుండా చేసిన కార్డులో చేసినవాడి ఆర్తి ఏమంత పలుకుతుంది?

స్క్రూ తల బ్రాడ్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వీటి తల మీద స్క్రూడ్రైవర్ కోసమన్నట్టు గాడి ఉంటుంది. కింద ఉన్నవి మాత్రం మామూలు రెండు కాళ్లే. అతికి ఉన్న ఫొటోను పట్టుకున్నట్టు నటించే బ్రాడ్ ఇక్కడ తాను స్క్రూనని కూడా నటిస్తోంది. ఒకే పాత్రలో రెండు వేషాలు, రంగస్థలం మూరెడైనా లేదు. చిన్నపిల్లలు గోటితో ఆ గాడిని తిప్పి చూసి ఊరుకుంటారు. పెద్దవాళ్లు తిప్పి చూడరు, బాగుందంటారు.

ఇక నిష్ఠ విషయం. ఈ రంగంలో వాళ్లు కాగితం కొనేటప్పుడు చూపించే శ్రద్ధ ముందు ఔషధ పరీక్షలు దిగదుడుపు. కాగితంలో ఆమ్లం ఉండకూడదు, చెక్క నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉండకూడదు. ఉంటే కొన్నేళ్లకు పేజీ పసుపుబారి పెళుసెక్కుతుంది, ఆ మాట నిజమే. జిగురు ఫొటోకు హాని చేయకూడదు, పెన్ను సిరా వెలిసిపోకూడదు. మనవలు, మునిమనవలు చూడాలి మరి. ఇన్ని జాగ్రత్తలతో, ఇంత పవిత్రంగా సిద్ధం చేసిన పేజీని బల్ల మీద పరిచి, అందులోకి రంగు పూసిన లోహపు ముక్కలను సుత్తితో కొడతారు. లోపలిది ఇనుమైతే తేమ తగిలి తుప్పు పడుతుంది, ఆ మరక కాగితంలోకి దిగుతుంది. ఇత్తడైతే పచ్చగా చిలుమెక్కుతుంది. పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్‌లలో సిబ్బంది తుప్పు పట్టిన పిన్నులనూ క్లిప్పులనూ ఓపికగా ఒక్కొక్కటే ఊడదీస్తుంటారు. అక్కడ వాళ్లు తీస్తుంటే ఇక్కడ మనం వేస్తున్నాం. ముందు తరాల ఆర్కైవ్ ఉద్యోగులకు చేతినిండా పని ఉండాలంటే ఎవరో ఒకరు ఈపాటికే మొదలుపెట్టాలి కదా.

పేజీకి రెండో వైపు గురించి నోరు విప్పకపోవడం ఈ కళలో మర్యాద. మడిచిన కాళ్లు అక్కడ ఉంటాయి. ఆల్బం మూసినప్పుడు అవి ఎదుటి పేజీలో నవ్వుతున్న పెద్దాయన బుగ్గ మీద ఆనుతాయి. పదిసార్లు తెరిచి మూస్తే బుగ్గ మీద ఒక గీత పడుతుంది. దీనికి విరుగుడుగా కాళ్ల మీద టేపు వేస్తారు. టేపు వేసినచోట ఎత్తు పెరిగిందని మిగతా చోట్ల ఫోమ్ ముక్కలు అతికించి ఎత్తు సమం చేస్తారు. అప్పుడు పేజీ లావెక్కి, ఆల్బం మూతపడక, కప్ప నోరు తెరిచినట్టు ఉండిపోతుంది. ఇన్ని అవస్థలు ఎందుకని విసిగిన కొందరు విప్లవకారులు కటింగ్ ప్లయరు తీసుకుని బ్రాడ్ కాళ్లు కత్తిరించి, మిగిలిన తలను జిగురుతో పేజీకి అతికిస్తున్నారు. జాగ్రత్తగా గమనించండి: బిగించే వస్తువును ఇప్పుడు జిగురు బిగిస్తోంది. ఈ పద్ధతిని కొందరు మోసమంటారు. నేనలా అనను. కాళ్లు పోయినా తల ఎత్తుకుని నిలబడిన వాళ్లను అవమానించడం మన సంస్కారం కాదు.

న్యాయంగా చెప్పాలంటే, ఈ జాతిలో చెడబుట్టినవి కూడా కొన్ని ఉన్నాయి. తిరిగే చక్రం ఉన్న కార్డుల్లో నడుమ ఉండే బ్రాడ్ నిజంగానే ఇరుసుగా పనిచేస్తుంది. దాన్ని కొంచెం వదులుగా మడిస్తే చక్రం తిరుగుతుంది, గడియారం ముళ్లు కదులుతాయి, కాగితపు ఎలుగుబంటి చెయ్యి ఊపుతుంది. అలాగే వెల్లం కాగితం. అది పారదర్శకంగా ఉండటం వల్ల వెనక పూసిన జిగురు మరకలా కనబడుతుంది, కాబట్టి బ్రాడ్‌తోనో ఐలెట్‌తోనో నిలపడం తెలివైన పని. వీటి మీద వ్యంగ్యంగా అనడానికి ఏమీ దొరకలేదు. ఇలాంటివి ప్రోత్సహిస్తే రేపు ప్రతి బ్రాడ్‌నూ నువ్వేం చేస్తున్నావని నిలదీసే పరిస్థితి వస్తుందన్నదే నా భయం.

కార్డును తపాలాలో పంపే వాళ్లకు ఒక మాట. ఉత్తరాలను వేరుచేసే యంత్రాలు పలుచగా, సమంగా ఉన్న కవర్ల కోసం తయారైనవి. ముత్యం తల బ్రాడ్ ఉన్న కవరు రోలర్ల మధ్య ఇరుక్కుని చిరగవచ్చు. కార్డు చేతికి అందాక అందులో ముత్యం కనబడకపోతే పంపిన వాళ్లను నిందించకండి. యంత్రానికి కూడా సౌందర్య దృష్టి అబ్బిందని సంతోషించండి.

అసలు శిఖరం ఇంకా ముందుంది. ఇప్పుడు కంప్యూటర్లో స్క్రాప్‌బుక్ పేజీలు చేస్తున్నారు. కాగితం లేదు, జిగురు లేదు, ఊడిపోయే ఫొటో అసలే లేదు. బ్రాడ్ మాత్రం ఉంది. బొమ్మగా దొరుకుతుంది, తెచ్చి మూలన పెట్టుకోవడమే. ఉత్త బొమ్మ పెడితే తేలిపోయినట్టు ఉంటుందని దాని కింద నీడ కూడా వేస్తారు. వెలుగు ఎడమ పక్క పైనుంచి వస్తోందనుకుంటే నీడ కుడి పక్క కిందికి పడాలి. ఒక బ్రాడ్ నీడ ఇటు, ఇంకోదాని నీడ అటు పడితే పేజీ సహజంగా లేదని తెలిసినవాళ్లు పెదవి విరుస్తారు. లేని లోహం, లేని దీపపు వెలుగులో, లేని కాగితం మీద వేసే నీడలో సహజత్వం తగ్గకూడదు.

ఇక మిగిలింది ఒక్క మెట్టే. ఆ పేజీని ప్రింటు తీయించి, అచ్చయిన బ్రాడ్‌ల మీద సరిగ్గా అసలు బ్రాడ్‌లు గుచ్చాలి. తల మీద తల కుదరాలి, మిల్లీమీటరు పక్కకు జరిగినా కిందిది బయటపడుతుంది. గుచ్చాక మరో చిక్కు వస్తుంది. అచ్చులోని నీడ కుడి పక్కకు ఉంటుంది, బల్ల మీది దీపం వేసే అసలు నీడ ఎడమ పక్కకు పడుతుంది. ఒక్క బ్రాడ్‌కు రెండు నీడలు చూడటానికి బాగుండవు. అలాంటప్పుడు కంగారుపడి బ్రాడ్ పీకకండి. దీపం జరపండి.