ముందు చక్రంలో మకాం వేసిన కీచు గారికి

అయ్యా కీచు గారూ,

మీరు ఖాళీ చేసి వెళ్లాక రాస్తున్నాను. ఉన్నన్నాళ్లూ స్థిమితంగా ఒక్క ముక్క రాయనిచ్చారా?

మా కారు ముందు ఎడమ చక్రంలో మీరు దిగిన రోజే తగిన మర్యాద చేశాను, రేడియో సౌండు పెంచాను. మర్నాడు అద్దాలు ఎత్తేశాను. మూడో రోజు పక్క సీట్లోంచి మా ఆవిడ "ఏంటండీ ఆ చప్పుడు?" అంటే "ఏ చప్పుడు?" అన్నాను. నా వైద్యం అక్కడితో సరి.

తర్వాత సలహాదారులు దిగారు. మా బావగారు బండి ఎక్కకుండానే "బేరింగ్ పోయింది" అని తేల్చేశారు. ఆయన లెక్కలో చక్రాలున్న దేనికైనా రోగం ఒక్కటే. బేరింగ్ పోతే సాధారణంగా మీలా కీచుమనదు, హూఁ అని మూలుగుతుంది. వేగం పెరిగేకొద్దీ మూలుగూ పెరుగుతుంది. బండిని కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడి ఇంకా గట్టిగా ఏడుస్తుంది. మీరు ఆ బాపతు కాదని చెప్పబోయాను. పెద్దాయన, వినలేదు.

ఎదురింటాయన "రాత్రి తేమకి డిస్క్ తుప్పు పట్టుంటుంది, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది" అన్నాడు. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం. ఆ తుప్పు కీచు వేరే. పొద్దున్నే వచ్చి వీధి మలుపు దాటేలోపు పోతుంది. మీరేమో సాయంత్రం దాకా డ్యూటీ చేస్తున్నారు. డిస్క్‌కీ దాని వెనక రేకుకీ మధ్య రాయి ఇరుక్కుందని ఇంకొకరు. చెప్పులో రాయి లాంటిదే కదా అని బండిని నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ నడిపాను. రాయీ రాలలేదు, మీరూ కదల్లేదు. ఒక మిత్రుడైతే నూనె స్ప్రే డబ్బా పట్టుకొచ్చాడు. డిస్క్ మీద నూనె కొడితే మీరు నోరు మూసుకునేవారే, బండి ఆగడం కూడా మానుకునేది.

చివరికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మీరేం చేశారు? బడి ఎగ్గొట్టే పిల్లాడి కడుపునొప్పి డాక్టరుని చూడగానే మాయమైనట్టు, కిక్కురుమనలేదు. అతను ఒక్కటే అడిగాడు: "బ్రేక్ తొక్కితే వస్తుందా, తొక్కితే పోతుందా?"

"వస్తుంది... పోతుంది" అన్నాను. ఇరవై రోజులు మీతో కాపురం చేసి ఆ ఒక్కటీ గమనించలేదు.

తిరిగొస్తూ మొదటిసారి రేడియో ఆపి విన్నాను. మామూలుగా పోతుంటే కీ... పెడల్ మీద కాలు ఆనించగానే గప్‌చుప్. కాలు తియ్యగానే మళ్లీ కీ... అదే మెకానిక్‌కి ఫోన్లో చెబితే "ప్యాడ్ అరిగింది, రేపు తీసుకురండి" అన్నాడు. బ్రేక్ తొక్కితే డిస్క్‌ని రెండు పక్కలా అదిమి ఆపే దిమ్మలే ఈ ప్యాడ్లు.

నేను ఒప్పుకుంటానా! టార్చి వేసి చక్రం సందుల్లోంచి చూశాను, ప్యాడ్ బొద్దుగా ఉంది. చక్రం ఊడదీశాక తెలిసింది, నేను చూసింది బయటి ప్యాడ్. లోపలిది రెండు మిల్లీమీటర్లకి చిక్కిపోయింది. ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను బిగుసుకుపోయి, భారమంతా లోపలిదాని మీదే పడిందట. దాని అంచున గోరంత రేకుముక్క, కొస డిస్క్‌కి రాసుకుని తళతళలాడుతోంది. అదీ మీ అసలు రూపం! ప్యాడ్ అరగగానే డిస్క్‌కి తగిలి అరవమని, తయారుచేసినవాళ్లే పనిగట్టుకుని అక్కడ పెట్టారట. ఆ బండిలో తన పని తాను చేసింది మీరొక్కరే, మీ మీదే నేను రేడియో పెట్టాను. ఇంకొన్నాళ్లు అలాగే నడిపుంటే మీ కీచు కాస్తా ఇనుమూ ఇనుమూ కొరుక్కునే గరగర అయ్యేది, డిస్క్ కూడా మార్చాల్సొచ్చేది.

పిన్నులు శుభ్రం చేసి గ్రీజు రాశారు. అరిగింది ఎడమదే అయినా కుడివైపు ప్యాడ్లూ మార్చారు, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగొచ్చట. మీ స్థానంలో కొత్త రేకు చేరింది, ప్రస్తుతానికి పని లేక కూర్చుంది.

నాకే కొత్త జబ్బు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఎవరి కారు కీచుమన్నా అద్దం దించి "తొక్కితే వస్తుందా అండీ, తొక్కితే పోతుందా?" అని అడుగుతున్నాను. నిన్న ఒకాయన నా వంక ఓసారి చూసి, రేడియో సౌండు పెంచుకున్నాడు.

ఇట్లు,
మీ మాజీ ఇంటి ఓనరు