మహారాజశ్రీ ఎన్నికల ఫ్లయర్ గారికి

మహారాజశ్రీ ఎన్నికల ఫ్లయర్ గారికి,

వాషింగ్టన్ రాష్ట్రం, రెడ్‌మండ్ నుంచి ఓటు లేని ఒక తెలుగువాడు రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, ఏ ఎన్నికలోనూ మీరు డబ్బుకి ఇబ్బంది పడ్డట్టు నేను వినలేదు.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. 2017 అక్టోబర్‌లో, మా రాష్ట్ర సెనేట్ సీటు ఉప ఎన్నిక ప్రచారానికి, మీరు మా మెయిల్‌బాక్స్‌లోకి దిగినప్పుడు మీ మీద ఉన్న పేరు మాకు ముందు ఆ ఇంట్లో అద్దెకున్నాయనది, దాని కింద "లేదా ప్రస్తుత నివాసి" అని. ఆ ప్రస్తుత నివాసిని నేనే. హెచ్‌1బి మీద ఉన్నాను, గ్రీన్‌కార్డ్ లైన్లో నా వంతు ఎప్పుడొస్తుందో మా లాయరే చెప్పలేడు, ఇక ఓటు సంగతి దేవుడెరుగు. అయినా మీరు పట్టు వదల్లేదు. రోజుకొకరు వచ్చారు, కొన్ని రోజులు ఇద్దరిద్దరు వచ్చారు, ఒకరు రిపబ్లికన్ల తరఫున ఒకరు డెమొక్రాట్ల తరఫున, బయట ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు మా ఇరుకు డబ్బాలో మొహాలు ఆనించుకుని పడుకున్నారు.

ముందు మీ అందం గురించి చెప్పాలి. పెళ్లి శుభలేఖ మందం, చింపుదామంటే చిరగరు, మడుద్దామంటే మడత పడరు. ఒక వైపు మీకు గిట్టని అభ్యర్థి ఫొటో, నలుపు తెలుపుల్లో, సరిగ్గా కన్ను ఆర్పుతున్న క్షణంలో పట్టుకున్నది, వెనకాల మబ్బులు. రెండో వైపు మీకు నచ్చిన అభ్యర్థి, పచ్చిక, ఎండ. అక్టోబర్‌లో రెడ్‌మండ్‌లో అంత ఎండ ఎక్కడ దొరికిందో కాస్త చెబితే మేమూ వెళ్లి బట్టలారేసుకుంటాం. అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో మీ ఖర్చు ఎవరు పెట్టారో ఉంటుంది. అభ్యర్థులు కాకుండా బయటి ప్రచార కమిటీలు వేయించిన మీలాంటివాళ్లు ఎక్కువ డబ్బిచ్చిన మొదటి ఐదుగురి పేర్లూ వేసుకోవాలని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది, లేకపోతే అదీ ఉండేది కాదనుకోండి. ఫోన్ కెమెరా పెట్టి జూమ్ చేసి చదివాను. ఒక కమిటీకి ఇంకో కమిటీ ఇచ్చిందట. ఆ ఇంకో కమిటీకి ఎవరిచ్చారయ్యా అంటే మళ్లీ వెతుక్కోవాలి. తండ్రి పేరు అడిగితే మేనమామ ఫోన్ నంబర్ ఇచ్చే రకం మీరు.

సరే, విషయానికొస్తాను. మా 45వ జిల్లా (మన భాషలో నియోజకవర్గం) అంటే కిర్క్‌లాండ్, రెడ్‌మండ్, సమామిష్, వుడిన్‌విల్, డువాల్ ఊళ్లూ వాటి ముక్కలూ. ఇక్కడి రాష్ట్ర సెనేటర్ ఆండీ హిల్, రిపబ్లికన్, ఒకప్పుడు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసినాయన, రాష్ట్ర బడ్జెట్ రాయడంలో మంచి పేరున్నాయన, 2016 అక్టోబర్ చివర్లో క్యాన్సర్‌తో పోయారు. ఆ ఖాళీ కోసం 2017 నవంబర్ 7న ఉప ఎన్నిక. డెమొక్రాట్ల నుంచి మంకా ధింగ్రా, భోపాల్‌లో పుట్టి పదమూడో ఏట ఇక్కడికొచ్చిన ప్రాసిక్యూటర్. రిపబ్లికన్ల నుంచి జిన్‌యంగ్ లీ ఇంగ్లండ్, కొత్త అభ్యర్థి. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ వలస కుటుంబాలవాళ్లు. ఈ కథలో చెప్పుకోవలసింది ఎంతో ఉంది. మీరేం చెప్పారు? ఒకరేమో ధింగ్రా గెలిస్తే కొత్త పన్నులొస్తాయి, సియాటిల్ వచ్చి మన పెరట్లో కూర్చుంటుందన్నారు (సియాటిల్ అంటే చెరువుకి అవతలి ఒడ్డున ఉన్న ఊరు, మాలో సగం మంది రోజూ బ్రిడ్జి మీద టోల్ కట్టి మరీ వెళ్లేది అక్కడికే). ఇంకొకరేమో ఇంగ్లండ్ గెలిస్తే ట్రంప్ గారే రాష్ట్ర రాజధాని ఒలింపియాలో కాపురం పెడతారన్నట్టు చెప్పారు.

అసలు ముక్క మాత్రం పెద్దక్షరాల్లో ఇద్దరిలో ఎవరూ విడమరిచి చెప్పలేదు. రాష్ట్ర సెనేట్‌లో, అంటే పై సభలో, ఉన్నవి 49 సీట్లు. అప్పటికి డెమొక్రాట్ పేరు మీద గెలిచినవాళ్లు 25 మంది, రిపబ్లికన్లు 24. లెక్క ప్రకారం పెత్తనం డెమొక్రాట్లది కావాలి కదా? కాదు. టిమ్ షెల్డన్ అనే డెమొక్రాట్ రిపబ్లికన్లతో కూర్చునేవాడు. ఇది ఆయనకి కొత్త కూడా కాదు, 2012 డిసెంబర్‌లోనే ఆయనా రోడ్నీ టామ్ అనే మరో డెమొక్రాట్ కలిసి అవతలి పక్షంతో చేతులు కలిపి సభని అటు తిప్పేశారు, టామ్ గారు ఏకంగా మెజారిటీ లీడర్ అయ్యారు. ఆ టామ్ గారు అంతకుముందు రిపబ్లికన్‌గా ఉండి డెమొక్రాట్ అయినాయన. మన దగ్గర పార్టీ ఫిరాయిస్తే కనీసం కండువా మారుస్తారు, స్పీకర్ దగ్గర అనర్హత పిటిషన్ ఒకటి నాలుగేళ్లు నిద్రపోతుంది, ఓ పద్ధతీ పాడూ ఉంటుంది. ఇక్కడ కండువా అదే, కుర్చీ మాత్రం అవతల.

ఈ ఒక్క సీటు ఇటు పడితే సభ 25-24తో డెమొక్రాట్లది, అటే ఉంటే 25-24తో రిపబ్లికన్లది. అంతే తేడా. కానీ ఆ అంతేలోనే అంతా ఉంది. ఎవరికి మెజారిటీ ఉంటే కమిటీ చైర్మన్లు వాళ్లే, ఏ బిల్లుని విచారణకి పిలవాలో ఏ బిల్లుని సొరుగులో పెట్టి తాళం వేయాలో ఆ చైర్మన్ ఇష్టం. ఓడించక్కర్లేదు, చదవకుండా ఉంటే చాలు. అప్పట్లో కింది సభలో డెమొక్రాట్లకి 50-48 మెజారిటీ, అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ కూడా వాళ్లే, అయినా అక్కడ నెగ్గిన ఓటింగ్ హక్కుల బిల్లు లాంటివి ఏళ్ల తరబడి సెనేట్ గుమ్మం దగ్గరే ప్రాణం విడిచేవి. ఆ సంవత్సరం స్కూలు భవనాలకీ కట్టడాలకీ డబ్బిచ్చే క్యాపిటల్ బడ్జెట్, సుమారు 400 కోట్ల డాలర్లది, పల్లెల్లో బావుల తవ్వకం మీద కోర్టు ఇచ్చిన హర్స్ట్ తీర్పు గొడవ తేలేదాకా కదలనివ్వం అని సెనేట్ పెద్దలు ఆపేశారు. ఇది చెప్పాల్సింది మీరు. బావి బొమ్మ వేసినా బాగుండేది.

(మా ఆంధ్రాలో పద్ధతి వేరు లెండి. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులకి తెలుగుదేశం మెజారిటీ ఉన్న శాసన మండలి అడ్డం పడితే, ఐదు రోజులు తిరిగేసరికి అసెంబ్లీ మండలినే రద్దు చెయ్యమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఒక్క సీటు కోసం ఫ్లయర్లు వెయ్యడమెందుకు, సభే లేకపోతే పోలా. 2021 నవంబర్‌కి మండలిలో బలాబలాలు మారాయి, తీర్మానం వెనక్కి వచ్చేసింది. చూశారా, కాయితం ఖర్చు ఎంత మిగిలిందో.)

ఖర్చంటే గుర్తొచ్చింది. ఈ ఒక్క సీటు మీద అందరూ కలిసి పోసింది దాదాపు 90 లక్షల డాలర్లు. ఈ రాష్ట్రంలో శాసనసభ సీటు దేనిమీదా అప్పటిదాకా అంత పెట్టలేదు. పడిన ఓట్లు యాభై వేలు కూడా దాటలేదు, అంటే ఓటుకి 150 డాలర్ల పైమాటే. ఆ సెనేటర్ ఉద్యోగానికి జీతమెంతయ్యా అంటే అప్పట్లో ఏడాదికి యాభై వేల డాలర్ల లోపు, ఈ ఊళ్లో నిన్న కాలేజీ నుంచి దిగిన కోడింగ్ కుర్రాడు దీనికి రెట్టింపు తెచ్చుకుంటాడు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకి కవర్లు అందలేదని ఓటర్లు రోడ్డెక్కారని పేపర్లు రాస్తే ఇక్కడి మా స్నేహితులు సిగ్గుతో తల దించుకున్నారు. నాకైతే అంత సిగ్గనిపించలేదు. అక్కడ డబ్బు తప్పుదారినైనా ఓటరు ఇంటికి చేరింది, ఇక్కడ చట్టబద్ధంగా, రసీదుతో సహా, ప్రింటింగ్ ప్రెస్‌కీ టీవీకీ చేరింది. ఓటరుకి దక్కింది మీరు.

మీకొక పేద బంధువు ఉన్నాడు, మీరు చెప్పుకోరు గానీ. ఓటర్ల పాంఫ్లెట్ అని, ప్రభుత్వం పంపుతుంది, న్యూస్‌పేపర్ లాంటి కాయితం, ఇద్దరు అభ్యర్థులకీ సమానంగా చోటు, ఎవరి మాట వాళ్లదే. మబ్బులుండవు. ఇక్కడ ఎన్నికంతా పోస్టులోనే కదా, బ్యాలెట్ ఇంటికే వస్తుంది, రెండు వారాలకి పైగా టైం ఉంటుంది, డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని నింపి కవర్ మీద సంతకం పెట్టి డ్రాప్ బాక్స్‌లో వేస్తే సరి. మా పక్కింటాయన, సిటిజెన్, ఆ పాంఫ్లెట్‌ని పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదివాడు. మిమ్మల్ని బ్యాలెట్ నింపేటప్పుడు టేబుల్ మీద మరక పడకుండా కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు. నిగనిగలాడతారు కాబట్టి తుడిస్తే పోతుంది.

ధింగ్రా గెలిచారు, 55 శాతం చిల్లరతో. సభ చేతులు మారింది. పసిఫిక్ తీరంలో మూడు రాష్ట్రాలూ ఒకే పార్టీవి అయిపోయాయని దేశమంతా మాట్లాడుకున్నారు. 2018 జనవరిలో బావుల గొడవ తేలి క్యాపిటల్ బడ్జెట్ బయటపడింది, ఆ సెషన్‌లోనే ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది. ఇవన్నీ ఆ పార్టీవాళ్లకి సంతోషమే. కానీ ఫిబ్రవరిలో ఏమైందో మీరు ఏ ఫ్లయర్ మీదా వేసుకోలేదు. శాసనసభ్యుల ఫైళ్లూ ఈమెయిళ్లూ జనం అడిగితే ఇవ్వాలని ఒక జడ్జి అనేసరికి, ఇవ్వక్కర్లేకుండా ఒక బిల్లు తెచ్చారు. విచారణలో మంచి చెడ్డ చర్చించకుండా రెండు రోజుల్లో రెండు సభలూ దాటించారు, సెనేట్‌లో 41-7, కింది సభలో 83-14. 25-24 ఏమైంది? 90 లక్షల డాలర్లు పోసి తేల్చుకున్న ఆ వైరం ఏమైంది? తమ కాయితాలు దాచుకోవాల్సి వచ్చేసరికి అన్నదమ్ములైపోయారు. పేపర్లు మొదటి పేజీల్లో సంపాదకీయాలు వేసి, జనం వేలకొద్దీ ఫోన్లు చేసి మెయిళ్లు పెడితే గవర్నర్ వీటో చేశారు.

హిల్ గారి పదవీకాలంలో మిగిలింది ఏడాదే కాబట్టి 2018లో మళ్లీ ఎన్నికొచ్చింది, మీరూ వచ్చారు. మబ్బులు కూడా అవే అనుకుంటాను.

ఇట్లు,
ప్రస్తుత నివాసి

తా.క. పన్ను విషయంలో మీలో ఒకరు చెప్పింది ఉత్త అబద్ధమని మాత్రం అనను. 2021లో 2.5 లక్షల డాలర్లు దాటిన షేర్ల లాభం మీద 7 శాతం పన్ను వచ్చింది, అది ఇన్‌కమ్ ట్యాక్స్ కాదు ఎక్సైజ్ అని 2023లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో స్టాక్ ఎప్పుడమ్మాలి, ఆ పన్ను లేని టెక్సాస్‌లో ఇళ్ల రేట్లెలా ఉన్నాయి అని వారం పాటు ఒకటే టెన్షన్. అప్పటికి డెమొక్రాట్ల సీట్లు పెరిగినా సొంతవాళ్లే కొందరు అడ్డం తిరగడంతో ఆ బిల్లు సెనేట్‌లో గట్టెక్కింది మళ్లీ 25-24తోనే. ఆ అడ్డం తిరిగినవాళ్ల పేర్లు గ్రూపుల్లో ఒక్కరికీ తెలియదు, టెక్సాస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ ఎంతో అందరికీ తెలుసు.