వాచీలు చేసేవాణ్ని వాచీలు చేసేవాడిగానే ఉండనివ్వండి

రాత్రి ఒంటిగంటన్నర దాకా మేలుకుని ఒక హిస్టారికల్ రొమాన్స్ పూర్తిచేశాను. పొద్దున్నుంచీ ఒళ్లు మండిపోతోంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఇవాళ నాకు ఏ పనీ సాగదు.

కథ 1797 నాటి లండన్‌లో, వాచీల పనివాళ్లకు పేరుపడ్డ క్లార్కెన్‌వెల్ పేటలో జరుగుతుంది. హీరో జేబు గడియారాలు చేసేవాడు. డ్యూక్ కాదు, ఎర్ల్ కాదు, అలాంటి బిరుదున్న ఏ లార్డూ కాదు. ఎన్నాళ్లకు దొరికిందిరా ఇలాంటి పుస్తకం అని పొంగిపోయాను. హీరోయిన్ ఒక ఎర్ల్ గారి కూతురు. తాతగారి వాచీ ఆగిపోతే పట్టుకుని వస్తుంది. అతను మూత తీసి, లోపలున్న గొలుసును పట్టకారుతో పైకెత్తి చూపిస్తాడు. చూడ్డానికి సైకిల్ చైనులాగే ఉంటుంది కానీ మందం గుర్రపు వెంట్రుకంత. భూతద్దం లేకుండా ఒక్కో లంకె కనపడదు. "ఊపిరి కాస్త మెల్లగా వదలండి, ఎగిరిపోతుంది" అంటాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒకే దీపం మీదికి వంగి ఉంటారు. ముద్దు లేదు, ముట్టుకోవడం కూడా లేదు. ఆ పేజీ మూడుసార్లు చదివాను.

చివర్లో ఏమైందో తెలుసా? నాలుగు అధ్యాయాలు మిగిలుండగా ఒక వకీలు కాగితాలు పట్టుకుని దిగాడు. హీరో చిన్నప్పుడు తప్పిపోయిన డ్యూక్ గారి మనవడట! భుజం మీద మచ్చ ఉందట! అంతే, పనిబట్టలు తీసేసి, కోచ్ బండెక్కి, బంగ్లాకు వెళ్లిపోయాడు. ఇక ఒక్క వాచీ కూడా ముట్టుకోడు. అమ్మాయి తండ్రి వెంటనే ఒప్పేసుకున్నాడు. మరి ఇన్ని పేజీలు ఆ పిల్ల పడ్డ నరకం ఎందుకు? ఇంట్లోవాళ్లందరినీ ఎదిరించి "నాకు ఇతనే కావాలి" అన్న మాటకు విలువేముంది?

అసలు చరిత్ర చూసినా ఇది కుదరదు. ఆ రోజుల్లో రాజకుటుంబాన్ని తీసేస్తే డ్యూకులు మొత్తం కలిపి ముప్పై మందికి అటూ ఇటూ. నవలల్లో మాత్రం వీధికొకడు. ఇలా తగాదా ఉన్న బిరుదు మచ్చ చూపిస్తే చేతికి రాదు. పార్లమెంటు పైసభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, ఇలాంటి తగాదాలు విచారించే ప్రివిలేజెస్ కమిటీ ముందు అమ్మానాన్నల పెళ్లి దగ్గర్నుంచీ అన్నీ రుజువు చేసుకోవాలి. ఇంకో మాట. ఎర్ల్ కూతురు మామూలు మనిషిని చేసుకున్నా పేరు ముందు 'లేడీ' అనేది పోదు, చచ్చేదాకా ఉంటుంది. అంటే ఆ అమ్మాయి 'లేడీ' అనిపించుకుంటూనే ఆ వాచీల బల్ల పక్కన హాయిగా కాపురం చేసుకోవచ్చు. రచయిత్రికి డ్యూక్ అవసరమే లేదు!

కష్టాలు లేకపోతే కథ నడవదంటారా? 1797లోనే ప్రధాని పిట్ ప్రభుత్వం గడియారాల మీద పన్ను వేసింది. బంగారు వాచీ ఉంటే ఏడాదికి 10 షిల్లింగులు కట్టాలి. జనం కొనడం మానేశారు. పనివాళ్లు రోడ్డున పడ్డారు. మరుసటి ఏడాదే ఆ పన్ను ఎత్తేయాల్సి వచ్చింది. కథ పెట్టింది సరిగ్గా ఆ సంవత్సరంలోనే, దాని ఊసే లేదు. పోనీ, అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. 1753 పెళ్లిళ్ల చట్టం ప్రకారం 21 నిండకపోతే తండ్రి అనుమతి లేకుండా పెళ్లి లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేకుండా, చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చేయిద్దామంటే తండ్రి లేచి కాదనొచ్చు. అందుకే గదా జంటలు సరిహద్దు దాటి, ఆ చట్టం చెల్లని స్కాట్లండ్‌లోని గ్రెట్నా గ్రీన్ ఊరికి పారిపోయేవి! చేతిలో పని లేదు, బండికి డబ్బు లేదు, వెనకాల తండ్రి మనుషులు. ఇంతకన్నా టెన్షన్ ఏం కావాలి?

నిజం మనుషుల్నే చూడండి. గడియారాలు చేసిన జాన్ హారిసన్ వడ్రంగి కొడుకు. సముద్రం మీద రేఖాంశం కనుక్కోడానికి 1714లో పార్లమెంటు 20,000 పౌండ్ల బహుమతి పెడితే, దానికి పనికొచ్చే గడియారం చేసి చూపించాడు. పెద్దమనుషులు ఏళ్ల తరబడి తిప్పించుకున్నారు. శాస్త్రవేత్త ఫారడే కమ్మరి కొడుకు. బుక్ బైండింగ్ నేర్చుకుంటూ, 1812లో రసాయన శాస్త్రవేత్త డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, తనే బైండు చేసి ఆయనకే పంపాడు. 1821లో సారా బార్నార్డ్‌ను పెళ్లి చేసుకున్నాడు. తర్వాత సర్ బిరుదు ఇస్తామన్నా వద్దన్నాడు. వీళ్లను హీరోలు కాదనడానికి ఏం ధైర్యం కావాలి?

మన జానపద కథల్లోనూ ఇదే చూశాను. గొర్రెలు కాసుకునే కుర్రాడు రాకుమారిని ప్రేమిస్తే, చివర్లో పుట్టుమచ్చ చూపించి రాకుమారుణ్ని చేసేస్తారు. చిన్నప్పుడు చప్పట్లు కొట్టాను. ఇప్పుడు కొట్టలేను.

ఎందుకంటే మా నాన్న టైలరు. అక్క పెళ్లి మాటలప్పుడు మా బంధువు ఒకాయన నాన్నను అవతలివాళ్లకు "గార్మెంట్స్ బిజినెస్" అని పరిచయం చేశాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. నాన్న ఏమీ అనలేదు. సూది గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన చూపుడువేలిని అరచేతిలోకి మడిచేసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొత్త చొక్కా, తను కుట్టుకున్నదే. "బాగుందండీ, ఎక్కడ కుట్టించారు?" అని అవతలాయన అడిగితే కూడా చెప్పలేకపోయారు. పన్నెండేళ్లయింది. ఆ బంధువుతో నేను ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను.

అందుకే రాత్రి ఆ వకీలు తలుపు తట్టగానే నాకు కడుపు మండింది.

చివరి పేజీ దాకా హీరో తన బల్ల దగ్గరే ఉండే పుస్తకం ఏదన్నా మీకు తెలిస్తే చెప్పండి. మీరు చివరి అధ్యాయం కూడా చదివి ఉంటేనే చెప్పండి.