బోరింగు పైపును తింటున్నదేమిటి?

పొద్దున్నే బోరింగు కొడితే మొదటి బిందె ఎర్రగా వస్తుంది. కాసేపు తోడాక తేటపడుతుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. 'మా నేలలోనే ఇనుముంది' అని సరిపెట్టుకుంటారు. ఆ ఎరుపు భూమిలోదే అయితే ఎంత తోడినా పోదు. తోడేకొద్దీ తగ్గుతోందంటే, రాత్రంతా నిలిచిన నీటిలో పైపే కరుగుతోందని అనుమానించాలి.

ఆ పనిలో కంటికి కనబడని సూక్ష్మజీవులకూ వాటా ఉంటుంది. మెకానిక్ బయటికి లాగిన పాత జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు లోపల చూడండి. గోధుమరంగు బుడిపెలు, వాటిమీద జిగురు. ఒక బుడిపెను మేకుతో పెకలిస్తే లోపల నల్లటి ముద్ద, ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసన. తుడిస్తే అడుగున గుంట. పైన ఉన్న బ్యాక్టీరియా నీటిలోని ఇనుమును తుప్పుగా మార్చి పేరుస్తుంది. ఆ పొర కింద గాలి ఆడదు. అక్కడ చేరే మరో జాతి నీటిలో కరిగి ఉండే సల్ఫేటు అనే లవణాన్ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. ఆ నలుపు, ఆ వాసన దానివే. పైపంతా గట్టిగానే ఉంటుంది, ఒక్కచోట చిల్లు పడుతుంది. గాలి చొరని మట్టిలో పోత ఇనుప గొట్టాలు ఎందుకు పాడవుతున్నాయో 1934లోనే ఇద్దరు డచ్ పరిశోధకులు ఈ బ్యాక్టీరియాతో ముడిపెట్టి చెప్పారు.

తప్పంతా సూక్ష్మజీవులదే అనడం లేదు. నీటిలో పులుపు (ఆమ్లగుణం) ఎక్కువై, పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 6.5 కంటే తగ్గితే జింకు పూత నిలవదు. అలాంటిచోట మళ్లీ జీఐ పైపే దించడం డబ్బు నూతిలో పోయడమే. బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళ్లిపోయినా లాభం లేదు. జిగురు పైపొరలోవి చస్తాయి, అడుగునవి బతుకుతాయి. మోతాదు మించితే క్లోరినే ఇనుమును తింటుంది.

బోరింగు పాడైతే కష్టం ఆడవాళ్లది. ఎండల్లో ఏటి చెలమకు నడవాలి, ఆ నీళ్లు తాగి పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికీ వాళ్లే పరుగెత్తాలి. అందుకే మేం గట్టిగా అడుగుతున్నాం. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో పైపు మార్చే ప్రతిసారీ పాతదాన్ని కోసి లోపల చూడాలి. నీటి పీహెచ్ కొలవాలి. తినేసిన చోట యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వేయాలి. ఒడియా చదవలేని పెద్దలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. పరీక్షలో ఏం తేలిందో బోరింగు గట్టు మీద తెలుగులోనూ రాయాలి.