టక్కు టక్కుమనే నీకు, పల్లవి దాటని మా ఇంటి నుంచి

మహారాజశ్రీ ఏ-బీ స్విచ్చి గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి కానీ అబద్ధమెందుకు, నువ్వొచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరూ క్షేమంగా లేరు. ఆ 'గారు' కూడా పై లైను వరకే. పదకొండు నెలలుగా రోజూ నీ ముక్కు పట్టుకుని తిప్పుతున్నవాణ్ణి, నువ్వు అనే చనువు నాకుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక కొట్లో దుమ్ముకొట్టుకుపోయి పడి ఉంటే నాలుగొందల యాభై ఇచ్చి తెచ్చాను నిన్ను. అరచేతిలో పట్టే రేకు డబ్బా, వెనకాల వైర్లు దూర్చడానికి ఎర్రవీ నల్లవీ బుడిపెలు, ముందు ఒకే ఒక్క నాబ్. ఎడమకి తిప్పితే 'ఏ' వైపు కట్టిన స్పీకర్ల జత పాడుతుంది, కుడికి తిప్పితే 'బీ' వైపుది. "దీంతో తేడా వెంటనే వచ్చేస్తుంది సార్" అన్నాడు కొట్టతను. వచ్చింది. మా అమ్మకీ నాన్నకీ మధ్య వచ్చింది.

ఎందుకంటే 'ఏ' వైపు కట్టిన స్పీకర్లు పెద్దమామయ్యవి. ఆయన బోస్టన్ దగ్గర ఇంజనీరుగా చేసి, అక్కడి ఇల్లు అమ్మేసి వచ్చేటప్పుడు సోఫాలతో పాటు కంటైనర్లో వేసి తెచ్చిన ఏఆర్-3ఏ జత. ఒక్కో పెట్టె 24 కిలోలు, లిఫ్టు లేని రోజున మూడో అంతస్తుకి ఎక్కించిన నాకు గ్రాములతో సహా గుర్తు. బీ వైపువి బాబాయివి. ఇంగ్లండులో డాక్టరుగా రిటైరై, పిల్లలు 'మాకొద్దు డాడీ' అంటే మాకిచ్చిన ఎల్ఎస్3/5ఏ జత. చెప్పుల డబ్బా అంత ఉంటాయి, ఒక్కోటి ఐదు కిలోల పైచిలుకు. అంటే నీ భాషలో ఏ, బీ. మా భాషలో అమ్మ వైపు, నాన్న వైపు. ఈ విషయం ఆ కొట్లోనే తట్టి ఉంటే ఆ డబ్బుతో బిర్యానీ తినేసి ఇంటికొచ్చేవాణ్ణి.

రెండు వైపులా వంశచరిత్రలున్నాయి మరి. మామయ్య స్పీకర్ల కంపెనీ ఏఆర్‌ని పెట్టినవాళ్లలో ఒకడైన ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో గాలి బయటికి పోని మూసిన పెట్టె చేసి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగులా వాడుకుని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తెప్పించాడు. అంతకుముందు అంత బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. ఆ కంపెనీ వాళ్లు వయొలిన్ బృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, మధ్యలో వాళ్లు వాయించడం ఆపేసి కమాన్లు మాత్రం ఆడిస్తుంటే స్పీకర్లతో మిగతాది వినిపించేవారట, జనం ఎక్కడ ఆగారో పోల్చుకోలేకపోయారట. మామయ్య ఈ కథ పెళ్లిళ్లలో కూడా చెబుతాడు. అమ్మ ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు వింటుంది.

నాన్న ఇంత పొడుగు చెప్పరు. "బీబీసీ వాళ్లు తమ కోసం చేసుకున్నవిరా" అంటారు, అంతే, ఇక అప్పీలు లేదన్నట్టు పేపరు విప్పుతారు. నిజమే, 1970ల మొదట్లో బీబీసీ ఇంజనీర్లు రికార్డింగు వ్యానుల్లో ఇరుకు చోట పెట్టుకుని మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకోవడానికి చేసుకున్నారు వీటిని. అంత చిన్న పెట్టెకి లోతు బేస్ రాదు కాబట్టి, కాస్త పైన, 125 హెర్ట్జ్ చుట్టుపక్కల, చిన్న ఉబ్బు ఉంటుంది, దాంతో చెవికి బేస్ ఉన్నట్టే అనిపిస్తుంది. ఈ సంగతి చెబితే నాన్న "అది మోసం కాదు, మర్యాద" అన్నారు. అమ్మ లోపలి నుంచి "మీ వాళ్ల మర్యాదంతా అలాగే ఉంటుంది, ఉన్నట్టు అనిపిస్తుంది" అంది. ఆ రోజు భోజనాలు విడివిడిగా.

ఇక నీ నిర్వాకం సంగతికొద్దాం.

మొదటి రెండు నెలలూ నువ్విచ్చిన తీర్పులన్నీ 'ఏ' పక్షమే. అమ్మ మొహంలో వెలుగు చూసి నేను కూడా నమ్మేశాను. తరువాత ఫోన్లో డెసిబెల్ మీటరు యాప్ వేసుకుని చూద్దును కదా, నాబ్ 'ఏ' వైపుకి తిప్పగానే శబ్దమే పెరుగుతోంది. మామయ్య జత 4 ఓములు, బాబాయి జత 15 ఓములు. ఓములంటే కరెంటుకి ఉండే అడ్డు, అది తక్కువైతే అదే వాల్యూమ్ దగ్గర ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. చెవి గుడ్డిది, కాస్త గట్టిగా వినపడ్డదాన్ని బాగుందనుకుంటుంది, చీరల కొట్లో ఆ లైట్ల కింద ప్రతి చీరా పట్టులా కనపడినట్టు. ఒకటి రెండు డెసిబెల్స్ చాలు, 'గట్టిగా ఉంది' అని కూడా తోచదు, 'ప్రాణం ఉంది' అనిపిస్తుంది. నువ్వు ఏం చేశావు? టక్ మన్నావు. ఒక్కసారైనా 'బాబూ, ముందు శబ్దం సమానం చేసుకో' అన్నావా?

సరే, సమానం చేశాను. అప్పుడు తెలిసింది, మామయ్య జత గది మూలన బీరువా పక్కన ఉంది, బాబాయి జత టీవీ బల్ల మీద ఉంది. మూలకి నెడితే ఏ పెట్టె అయినా బేస్ ఎక్కువ వినిపిస్తుంది, రెండు గోడలూ నేలా కలిసి తోస్తాయి. అంటే ఇన్నాళ్లూ మేం పోల్చింది మామయ్యనీ బాబాయినీ కాదు, బీరువానీ టీవీ బల్లనీ. అమెరికాలో హర్మన్ అనే స్పీకర్ల కంపెనీ వాళ్లకి దీనికోసం ఏకంగా ఒక గది ఉంది, తెర వెనక గాలి ఒత్తిడితో నడిచే యంత్రం స్పీకర్లని మూడు సెకన్లలో ఒకే చోటికి మారుస్తుందట. మా ఇంట్లో ఆ యంత్రం నేనే. 24 కిలోలది ఎత్తి, ఐదు కిలోలది పెట్టి, మళ్లీ ఎత్తి. నడుం పట్టేసి రెండ్రోజులు ఆఫీసుకి సెలవు పెట్టాను, కారణం 'వైరల్ ఫీవర్' అని రాశాను, 'స్విచ్చి' అని రాయలేక.

తెర అన్నాను కదా, అదీ కట్టాం. అమ్మ పాత నేత చీర. పల్చటి నూలు, శబ్దం ఆగదు. రెండు జతలూ ఒకే బల్ల మీద పక్కపక్కన, శబ్దం సమానం, ద్వారం వారి వయొలిన్. ఎవరికి ఏది బాగుందో కాగితం మీద రాయమన్నాను. అమ్మ బాబాయివి ఎంచుకుంది. నాన్న మామయ్యవి ఎంచుకున్నారు.

ఆ తరువాతి నిశ్శబ్దాన్ని ఏ స్పీకరూ వినిపించలేదు.

చాలాసేపటికి అమ్మ "ఆ చీర అడ్డమొచ్చింది" అంది. నాన్న "వయొలిన్ కాదురా, మాట పెట్టాల్సింది" అన్నారు. నేనేం ఆశ్చర్యపోలేదులే. 1994లోనే ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనే ఇద్దరు ఇదే పని హర్మన్ ఉద్యోగుల మీద చేశారు. కళ్లెదుట స్పీకర్లున్నప్పుడు ఒకలా, తెర వెనక ఉన్నప్పుడు ఇంకోలా మార్కులు పడ్డాయి. పెద్దగా, ఖరీదుగా, తమ కంపెనీదిగా కనపడ్డవాటికి కళ్లే మార్కులేశాయి. జీతం ఇచ్చే కంపెనీ మీదే అంత మమకారం ఉంటే, రాఖీ కట్టించుకున్న అన్నయ్య మీద ఎంతుండాలి?

ఒక పాపం కూడా చేశాను, నీతో కలిసే చేశాను కాబట్టి చెబుతున్నాను. మర్నాడు నిన్ను తిప్పినట్టు తిప్పి, సగంలో టక్ మనిపించి, వెనక్కి తెచ్చేశాను. స్పీకర్లు మారలేదు. నాన్న కళ్లు మూసుకుని "చూశావా, ఇప్పుడు వయొలిన్ విచ్చుకుంది" అన్నారు. విచ్చుకుంది నాన్నా, అన్నాను.

ఇంకో తమాషా ఏమిటంటే, యాభై ఏళ్ల పెట్టెల్లో అసలువి ఎన్ని మిగిలాయి? కోను చుట్టూ ఉండే ఫోమ్ కొన్నేళ్లకి వేలు తగిలితే పొడైపోతుంది, కెపాసిటర్లు ఎండిపోతాయి, ఒకడు విప్పి తనకి దొరికినవి పెడతాడు. అలాంటి రెండు జతల్ని పోల్చడమంటే ఇద్దరు తాతల్లో ఎవరి శుక్లాల ఆపరేషన్ బాగా కుదిరిందో చూడటం. అయినా పోలుస్తాం. అమెరికాలో ఏఆర్ లాంటివాటిది తూర్పు తీరం శబ్దమనీ, నారింజరంగు ఫోమ్ ముసుగేసుకున్న జేబీఎల్ ఎల్100 లాంటివాటిది పశ్చిమ తీరం శబ్దమనీ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు, మన తూర్పుగోదావరి పశ్చిమగోదావరి వాళ్లు పులస పులుసు దగ్గర కొట్టుకున్నట్టు. 1978లో యమహా ఇళ్ల కోసమని ఎన్ఎస్-10 అనే స్పీకరు చేస్తే ఇళ్లలో పెద్దగా ఆదరణ లేదు, స్టూడియోల వాళ్లు మాత్రం తీసుకెళ్లి నెత్తిన పెట్టుకున్నారు. పై శబ్దం మరీ పదునుగా ఉందని ట్వీటర్ మీద, అంటే ఆ పై శబ్దాలు పలికే చిన్న స్పీకరు మీద, టిష్యూ కాగితం అంటించి మరీ వాడారు. నీ ముందు నిలబెడితే ఓడిపోవాల్సింది, లోకంలో పాటలన్నిటికీ కొలబద్ద అయి కూర్చుంది.

ఇదంతా క్షమిస్తాను. క్షమించనిది ఒకటుంది.

ఈ పదకొండు నెలల్లో మా ఇంట్లో ఒక్క పాట చరణం దాకా వెళ్లలేదు. ఘంటసాల గారు పల్లవి ఎత్తుకుంటారు, టక్. 'ఇందులో గొంతు ముందుకొచ్చింది', టక్. 'అందులో తబలా లావుగా ఉంది', టక్. మళ్లీ మొదటికి. అసలు ఆ కాలపు మోనో రికార్డింగులో లేని బేస్ కోసం మేం ముగ్గురం, సారీ, మేం నలుగురం, నువ్వు కూడా, రాత్రి పదకొండు దాకా వెతికాం. శబ్దాన్ని చెవి అచ్చంగా గుర్తుంచుకునేది సెకన్లే కాబట్టి టక్కుటక్కున మార్చి వింటేనే తేడా దొరుకుతుందని నీ తరఫు వకీళ్లు అంటారు, ఒప్పుకుంటాను. కానీ దొరికిన తేడాతో నేనేం చేసుకోను? పాట మాత్రం పల్లవి దగ్గరే చచ్చిపోతోంది. పెళ్లిచూపుల్లో అమ్మాయిని రెండు నిమిషాలు చూసి వచ్చేస్తారు, నిజమే, కానీ రోజూ వెళ్లి చూసి రారు కదా, పదకొండు నెలలు.

అందుచేత, ఆదివారం నాడు నీ వెనక బుడిపెలన్నీ వదులు చేసి నిన్ను పీకేశాను. మామయ్య పెట్టెలు హాల్లో, బాబాయివి నాన్న గదిలో. మధ్య తలుపు. నువ్వు ప్రస్తుతం నాన్న మందుల చీటీల మీద బరువుగా ఉంటున్నావు, ఆ పనిలో నీకు ఏ వైపూ లేదు, హాయిగా ఉండు.

ఇట్లు,
నీ ముక్కు తిప్పినవాడు

తా.క.: నిన్న సాయంత్రం అమ్మ గుడికి వెళ్లగానే నాన్న తన గదిలోంచి కుర్చీ తెచ్చుకుని, హాల్లో మామయ్య పెట్టెల ముందు వేసుకుని, ద్వారం వారి కచేరీ మంగళం దాకా విన్నారు. గేటు చప్పుడు కాగానే కుర్చీ లోపలికి వెళ్లిపోయింది. నేనేం చూడలేదు. నువ్వూ చూడలేదు.